సమారా లెక్క: పేర్లు మార్చుకుంటూ వచ్చిన ఏరోస్పేస్ విశ్వవిద్యాలయం పరిశోధనను ఎలా లెక్కగట్టాలి

రష్యాలో వోల్గా ఒడ్డున, సమారా నగరంలో, రాకెట్ల రూపశిల్పి కొరొల్యోవ్ పేరు మీద ఒక విశ్వవిద్యాలయం ఉంది. అది ఏటా ఎంత పరిశోధన చేస్తోంది? ప్రశ్న చిన్నదే. పరిశోధన పేపర్ల డేటాబేసు స్కోపస్‌లో ఇప్పటి పేరు కొట్టి, వచ్చిన సంఖ్యను నివేదికలో పెట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అలా తీసిన సంఖ్య మూడు చోట్ల తప్పుతుంది. పక్క సంస్థల పేపర్లు కొన్ని లోపలికి వచ్చేస్తాయి, సొంత పేపర్లు కొన్ని బయటే ఉండిపోతాయి, ఒకే పేపరు రెండుసార్లు లెక్కకొస్తుంది. వీటిలో కొన్ని లెక్కను పెంచేవి, కొన్ని తగ్గించేవి కాబట్టి చివరికి సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. ఒక్కో కాలంలో ఒక్కో తప్పుది పైచేయి. సంవత్సరాల వారీగా గ్రాఫు గీస్తే అందులో నిజమైన పెరుగుదల ఎంతో, పేరు మారడం వల్ల వచ్చిన ఎత్తు ఎంతో విడదీయలేం.

ఈ కేసులో పని ఆ విడదీయడమే. పద్ధతి మరే ఏరోస్పేస్ విశ్వవిద్యాలయానికైనా పనికొస్తుంది. క్రాన్‌ఫీల్డ్ 1946లో కాలేజ్ ఆఫ్ ఏరోనాటిక్స్‌గా పుట్టి, 1969లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయి, 1993లో యూనివర్సిటీ అయింది. తులూజ్‌లో సూపాయెరో, ఎన్సికా 2007లో కలిసిపోయాయి. ఉఫా ఏవియేషన్ టెక్నికల్ యూనివర్సిటీ 2022లో బష్కీర్ స్టేట్ యూనివర్సిటీతో కలిసి కొత్త పేరు పెట్టుకుంది. ఈ రంగంలో పేరు మారని సంస్థే అరుదు. సమారాను ఎంచుకోవడానికి కారణం, చిక్కులన్నీ ఒకేచోట దొరకడం.

పేర్లు, ఏళ్లు, పిన్‌కోడ్లు

1942లో యుద్ధం నడుస్తుండగా, ఇల్-2 విమానాల ఫ్యాక్టరీలు తూర్పుకి తరలివచ్చిన కువిబిషెవ్ నగరంలో కువిబిషెవ్ ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1966లో కొరొల్యోవ్ చనిపోయాక ఆయన పేరు చేరింది. 1991లో నగరం తన పాత పేరు సమారాకి తిరిగి వచ్చింది. 1992లో సంస్థ సమారా స్టేట్ ఏరోస్పేస్ యూనివర్సిటీ అయింది. 2009లో జాతీయ పరిశోధన విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. 2015లో అదే ఊళ్లోని సమారా స్టేట్ యూనివర్సిటీ ఇందులో విలీనమైంది. 2016 నుంచి పేరు సమారా నేషనల్ రీసెర్చ్ యూనివర్సిటీ, వాడుకలో ఒట్టి సమారా యూనివర్సిటీ.

అసలు ఉచ్చు ఆ చివరి రెండు వాక్యాల్లో ఉంది. సమారా స్టేట్ యూనివర్సిటీ 1969లో పెట్టిన వేరే సంస్థ. అక్కడ రసాయనం, గణితం, చరిత్ర, భాషలు ఉండేవి. విమానాలతో సంబంధం లేదు. విలీనానికి ముందు కాలంలో ఎవరైనా అఫిలియేషన్‌లో (పేపరు మీద రచయిత రాసే సంస్థ పేరు, చిరునామా) ‘సమారా యూనివర్సిటీ’ అని పొట్టిగా రాస్తే అది చాలాసార్లు ఆ పాత సంస్థ. 2016 తర్వాత అదే రెండు మాటలు ఏరోస్పేస్ వారసుడివి. ఇది చాలదన్నట్టు ఊళ్లో ఇంకా సమారా స్టేట్ టెక్నికల్ యూనివర్సిటీ, సమారా స్టేట్ మెడికల్ యూనివర్సిటీ ఉన్నాయి, అవి ఇప్పటికీ వేరే సంస్థలే. ‘సమారా స్టేట్’ అన్న తీగ పట్టుకు లాగితే డొంకంతా కదులుతుంది.

పేరు మోసం చేసినచోట చిరునామా నిలబడుతుంది. ఏరోస్పేస్ విశ్వవిద్యాలయం చిరునామా మొస్కోవ్‌స్కొయె షొస్సే 34, పిన్‌కోడ్ 443086. పాత సమారా స్టేట్ యూనివర్సిటీది అకదేమికా పావ్లొవా 1, 443011. టెక్నికల్ యూనివర్సిటీది మొలొదొగ్వర్దేయ్‌స్కయా 244, 443100. మెడికల్ యూనివర్సిటీది చపాయెవ్‌స్కయా 89, 443099. అదే మొలొదొగ్వర్దేయ్‌స్కయా వీధిలో 151వ నంబరు, 443001, అప్పట్లో రష్యన్ అకాడమీకి చెందిన ఇమేజ్ ప్రాసెసింగ్ సిస్టమ్స్ ఇన్‌స్టిట్యూట్‌ది. దాని సంగతి విడిగా చెప్పాలి. ఒకే వీధిలో రెండు సంస్థలున్నాయి కాబట్టి వీధి పేరుతో సరిపోల్చకూడదు, పిన్‌కోడ్‌తోనే సరిపోల్చాలి.

ఒక్కో అఫిలియేషన్ వాక్యం మీద నడిపే నియమాల వరుస ఇది. మొదట పిన్‌కోడ్ ఉందేమో చూడాలి. ఉంటే దాని మాటే చెల్లుతుంది, పేరు ఏం చెప్పినా సరే. ఒక్క మినహాయింపు: విలీనం తర్వాతి కాలంలో 443011 కూడా కొత్త సంస్థదే, ఎందుకంటే పాత భవనాల్లోని విభాగాలు అదే చిరునామా రాస్తూ వచ్చాయి. పిన్‌కోడ్ లేకపోతే ఏరోస్పేస్, కొరొల్యోవ్, ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్, నేషనల్ రీసెర్చ్ అన్న గుర్తుమాటల్లో ఏదైనా ఉందేమో చూడాలి. వాటితో పాటు టెక్నికల్, మెడికల్, ఎకనామిక్ లాంటి మాటలు కనిపిస్తే చేత్తో చూడాల్సిన గుట్టలో వేయాలి. ఏ గుర్తుమాటా లేకుండా ఒట్టి ‘సమారా యూనివర్సిటీ’ మాత్రమే ఉంటే ప్రచురణ ఏడాదిని బట్టి నిర్ణయం: 2014 వరకు పాత సంస్థ, 2017 నుంచి కొత్త సంస్థ. 2015, 2016 రెండేళ్లవీ మనిషి చూడాల్సిందే. పేపరు పంపిన తేదీకి, అచ్చయిన తేదీకి మధ్య ఏడాది పైగా తేడా ఉండటం మామూలే కాబట్టి ఆ రెండేళ్లకి యంత్రం నియమం పెట్టకపోవడం మేలు.

స్కోపస్ లాంటి మరో డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్‌లో చిరునామాలు కుదించి ఉంటాయి: ‘సమారా స్టేట్ ఏరోస్ప్ యూనివ్’, ‘సమారా నాట్ల్ రెస్ యూనివ్’. పూర్తి మాటలతో వెతికితే ఇవి తగలవు. ‘ఏరోస్ప్’ వరకే కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. కువిబిషెవ్ కాలం రికార్డుల్లో ఆ ఊరి పేరును లాటిన్ లిపిలో కొందరు ‘వై’తో, కొందరు ‘ఐ’తో రాశారు. రెండూ వేయాలి. కొరొల్యోవ్‌లోని రష్యన్ ‘యో’ అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. రష్యన్లు రాసేటప్పుడు చాలాసార్లు ఆ చుక్కలు వదిలేస్తారు. సరిపోల్చే ముందు చుక్కలున్నదాన్ని లేనిదానిగా మార్చేస్తే ఈ గొడవ తీరుతుంది.

వారసత్వం ఎవరిది

నియమాలు కుదిరాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. దానికి సాంకేతిక జవాబు లేదు. విలీనమైన సంస్థ పాత పేపర్లు ఎవరి ఖాతాలో పడాలి?

ఇక్కడ తేడా ఎంత పెద్దదో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. స్ఫటికాల నిర్మాణాన్ని పరమాణువుల అల్లిక (టోపాలజీ) కళ్లతో విశ్లేషించే టోపోస్‌ప్రో అనే సాఫ్ట్‌వేర్ సమారాలో తయారైంది. దాన్ని వివరించే పేపరు 2014లో వచ్చింది, వేల సార్లు ఉల్లేఖన పొందింది, అంటే వేరే పేపర్లు దాన్ని ఆధారంగా చూపాయి. అది పాత సమారా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రజ్ఞుల పని. విలీనానికి ముందు పేపర్లను కూడా కొత్త సంస్థకి కలిపితే, ‘ఏరోస్పేస్ విశ్వవిద్యాలయం’ అత్యధిక ఉల్లేఖనల జాబితాలో స్ఫటిక రసాయనం పైకొచ్చి కూర్చుంటుంది. కలపకపోతే చట్టరీత్యా వారసుడైన సంస్థ తన చరిత్రలో ఒక భాగాన్ని పోగొట్టుకున్నట్టవుతుంది.

రెండు వైపులా వాదన ఉంది. ఈ లెక్కలో తీసుకున్న నిర్ణయం: ప్రతి రికార్డుకీ రెండు గడులు. ఒకటి ‘అచ్చయిన నాటి సంస్థ’, రెండోది ‘నేటి వారసుడు’. ధోరణి చూపే గ్రాఫులకి మొదటిది వాడాలి, గ్రంథాలయ జాబితాలకి రెండోది. ఒకే నివేదికలో రెంటినీ కలిపి వాడటం మాత్రం పనికిరాదు. సంస్థల గుర్తింపు సంఖ్యల రిజిస్ట్రీ ఆర్‌ఓఆర్‌లో కూడా పూర్వ సంస్థ, వారసుడు అన్న సంబంధాలు నమోదు చేసే వీలుంది. ఉన్నచోట వాటిని తీసుకోవచ్చు, కానీ డేటాబేసులన్నీ వాటిని పాటిస్తాయని నమ్ముకోకూడదు.

ఎక్కడి నుంచి తీయాలి

ఒకే మూలం చాలదు. స్కోపస్‌లో చిరునామాలు శుభ్రంగా ఉంటాయి, రష్యన్ పత్రికలు తక్కువ. రష్యన్ సైటేషన్ సూచిక రింట్స్ 2005 నుంచి ఈలైబ్రరీ వేదిక మీద నడుస్తోంది. అందులో స్థానిక సదస్సుల సంకలనాల దాకా అన్నీ ఉంటాయి, అందుకే చెత్త కూడా ఎక్కువ. పేపర్ల వివరాల రిజిస్ట్రీ క్రాస్‌రెఫ్ ఉచితం, కానీ ప్రచురణకర్తలు పంపితేనే అఫిలియేషన్ ఉంటుంది. చాలా రికార్డుల్లో ఆ గడి ఖాళీ. ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల సూచిక 2022 జనవరిలో మొదలైంది, డేటా అంతా ఉచితం. ముఖ్యంగా, అచ్చయిన అఫిలియేషన్ వాక్యాన్ని యథాతథంగా ఇస్తుంది. పైన చెప్పిన పిన్‌కోడ్ నియమాలు నడపాలంటే ఆ ముడి వాక్యమే కావాలి. ఓపెన్‌అలెక్స్ తానే అంటించే సంస్థ గుర్తింపును మాత్రం తుది మాటగా తీసుకోకూడదు. సమారా లాంటి ఒకేలాంటి పేర్ల దగ్గర అది తడబడుతుంది.

రష్యా సంస్థల విషయంలో ఇంకో సంగతి. 2022లో యుక్రెయిన్ మీద దాడి తర్వాత వెబ్ ఆఫ్ సైన్స్, ఆ వెనక స్కోపస్ రష్యాలో అందుబాటు లేకుండా పోయాయి. ఆ డేటాబేసుల్లో పేపర్లుండాలన్న ప్రభుత్వ షరతులు కూడా సడలాయి. 2013లో మొదలై 2020 దాకా నడిచిన ‘5-100’ పథకంలో సమారా మొదటి విడతలోనే చేరింది. ఆ పథకం లక్ష్యమే అంతర్జాతీయ ర్యాంకింగుల్లో పైకెళ్లడం, కాబట్టి అప్పట్లో స్కోపస్ పేపరుకి విలువెక్కువ. తర్వాత ఆ ఒత్తిడి తగ్గింది. 2022కి అటూ ఇటూ స్కోపస్ సంఖ్యలను పోల్చి ‘పరిశోధన తగ్గింది’ అని రాయడం, తూకపురాయి మార్చి సరుకు తగ్గిందనడం లాంటిది.

తీసేటప్పుడు ప్రతి రికార్డుతో ఉంచుకోవాల్సినవి: మూలం పేరు, తీసిన తేదీ, డీఓఐ (పేపరు గుర్తింపు సంఖ్య), ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రిక గుర్తింపు సంఖ్య), సంపుటి, సంచిక, మొదటి పేజీ, ఏడాది, రచయితలందరి ఇంటిపేర్లు వరుసలో, ఒక్కో రచయితకీ విడిగా ముడి అఫిలియేషన్ వాక్యం. ఈ చివరిది పోతే తర్వాత భాగాల లెక్క (ఒక పేపరును రచయితల, సంస్థల మధ్య పంచే లెక్క) వేయలేం. చాలామంది పోగొట్టుకునేది కూడా అదే: ఎగుమతి చేసేటప్పుడు పేపరుకి మొత్తంగా అఫిలియేషన్ల జాబితా తీసుకుంటారు, ఏ రచయితది ఏదో తెలియకుండా పోతుంది.

ఒకే పేపరు, రెండు భాషలు

రష్యన్ ఇంజనీరింగ్ పేపర్లలో డూప్లికేట్‌లంటే ప్రధానంగా అనువాద జంటలే. రష్యన్‌లో ‘కొస్మీచెస్కియె ఇస్స్లేదొవానియా’ పత్రికలో వచ్చిన పేపరే ఇంగ్లిష్‌లో ‘కాస్మిక్ రీసెర్చ్’లో వస్తుంది. కజాన్ నుంచి వెలువడే ‘ఏవియాత్సియోన్నయా తేఖ్నికా’ ఇంగ్లిష్ రూపం ‘రష్యన్ ఏరోనాటిక్స్’. రెండు రూపాలకీ ఐఎస్‌ఎస్‌ఎన్ వేరు, పేజీలు వేరు, శీర్షిక భాష వేరు. డీఓఐ కూడా వేరే: కాస్మిక్ రీసెర్చ్‌ది 10.1134తో మొదలవుతుంది, ఇటీవలి రష్యన్ మూలానిది 10.31857తో. డీఓఐ పోల్చి డూప్లికేట్‌లు తీసే మామూలు పద్ధతి ఇక్కడ ఒక్కదాన్నీ పట్టుకోదు. శీర్షికలు పోల్చే పద్ధతీ పట్టుకోదు, లిపులే వేరు కదా.

పట్టించేది సంపుటి, సంచిక. కాస్మిక్ రీసెర్చ్, దాని రష్యన్ మూలం ఒకే సంపుటి సంఖ్యతో నడుస్తాయి: ఏడాదిలోంచి 1962 తీసేస్తే సంపుటి. 2016 అంటే 54. సంచిక సంఖ్య కూడా ఒకటే. రష్యన్ ఐఎస్‌ఎస్‌ఎన్ 0023-4206, ఇంగ్లిష్‌ది 0010-9525. ఈ రెండూ జంట అని పట్టికలో రాసుకుని, సంపుటి, సంచిక, మొదటి రచయిత ఇంటిపేరు కలిస్తే ఒకే పేపరు అనుకోవచ్చు. రష్యన్ ఏరోనాటిక్స్‌కి కొంచెం తేడా. రష్యన్ మూలం (0579-2975) ఏడాది, సంచికతోనే గుర్తింపు పొందుతుంది. ఇంగ్లిష్ రూపం (1068-7998) సంపుటి సంఖ్య ఏడాదిలోంచి 1957 తీసేస్తే వస్తుంది. కాబట్టి సంపుటిని ఏడాదిగా మార్చుకుని పోల్చాలి.

తప్పులెక్కడ? అనువాద సంచిక ఆలస్యమై మరుసటి ఏడాది ఆన్‌లైన్‌కి వస్తే కొన్ని మూలాలు ఆ ఆన్‌లైన్ ఏడాదినే పేపరు ఏడాదిగా వేస్తాయి. అందుకే ఏడాదిని నేరుగా పోల్చకుండా సంపుటి నుంచి లెక్కగట్టి పోల్చడం. ఇంకోటి, ఒకే సంచికలో ఒకే మొదటి రచయితవి రెండు పేపర్లు. అలాంటి చోట మిగతా రచయితల సంఖ్య, మూలాల జాబితాలో ఎన్ని అంశాలున్నాయో పోల్చితే దాదాపు ప్రతిసారీ తేలిపోతుంది.

ఇంటిపేర్ల లిప్యంతరీకరణ మీద కూడా జాగ్రత్త కావాలి. కజాన్‌స్కి అన్న ఒక్క ఇంటిపేరు చివర లాటిన్ అక్షరాల్లో కనీసం మూడు రకాలుగా కనిపిస్తుంది. సోయ్‌ఫెర్ రెండు రకాలు. ఒక్కో రష్యన్ పేరుకీ రాగల రూపాలన్నీ ముందే పుట్టించి పెట్టుకోవడం, అక్షరాల తేడా ఎంతో కొలిచే అల్గారిథం కంటే నమ్మకంగా పనిచేస్తుంది. చిన్న ఇంటిపేర్ల దగ్గర ఆ అల్గారిథం ఇద్దరు మనుషుల్ని ఒకరిని చేసేస్తుంది. రచయితకి ఓర్కిడ్ అనే గుర్తింపు సంఖ్య ఉన్నచోట ఈ బాధే లేదు, కానీ 2012కి ముందు పేపర్లకి అది ఆశించలేం.

జంట దొరికాక ఏ రికార్డు ఉంచాలి? రెండూ ఉంచి, పైన ఒక ‘కృతి’ సంఖ్య ఇవ్వాలి. లెక్క కృతులది, రికార్డులది కాదు. ఉల్లేఖనలు రెండు రూపాలకీ వేర్వేరుగా వస్తాయి కాబట్టి వాటిని కృతి స్థాయిలో కలపాలి. రెంటినీ ఉల్లేఖించిన పేపరు ఉంటే ఒకసారే లెక్కించాలి.

విశ్వవిద్యాలయం సొంత పత్రికల సంగతి తేలిక. డీఓఐ 10.18287తో మొదలైతే అది సమారా విశ్వవిద్యాలయం ప్రచురణ. ‘కంప్యూటర్ ఆప్టిక్స్’ పత్రికా, ఏరోస్పేస్ ‘వేస్త్‌నిక్’ పత్రికా ఆ గూటివే. వేస్త్‌నిక్ పేరు విశ్వవిద్యాలయంతో పాటే మారింది కాబట్టి పాత ఐఎస్‌ఎస్‌ఎన్ 1998-6629, కొత్త అచ్చు సంఖ్య 2542-0453, ఆన్‌లైన్ సంఖ్య 2541-7533 మూడూ వేయాలి. సొంత పత్రికలో అచ్చయిన పేపర్లకి విడిగా ఒక గుర్తు పెట్టాలి. అది తప్పేమీ కాదు, కానీ చదివేవాళ్లకి తెలియాలి. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: ఆ డీఓఐతో ఉన్నవన్నీ సమారా పేపర్లే అనుకోవడం. ప్రచురణకర్త వేరు, రచయిత సంస్థ వేరు. ఆ పత్రికల్లో వేరే ఊళ్ల వాళ్లూ రాస్తారు.

సదస్సులు

సమారాలో 2015 నుంచి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, నానోటెక్నాలజీ సదస్సు ఏటా జరుగుతోంది. దాని పేపర్లు ఏటా ఒకేచోట అచ్చుకావు. కొన్నేళ్లవి సీఈయూఆర్ సంకలనాల్లో, 2017వి కొన్ని ప్రొసీడియా ఇంజనీరింగ్‌లో, తర్వాత కొన్ని ఐఓపీ సదస్సు శ్రేణిలో, ఐఈఈఈ సంకలనాల్లో ఉన్నాయి. సీఈయూఆర్ పేపర్లకి డీఓఐ ఉండదు. డీఓఐ మీదే ఆధారపడిన లెక్కలో అవి కనిపించకుండా పోతాయి, అవే స్కోపస్‌లో కనిపిస్తాయి. అలాగే అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్ పేపర్లకి కాంగ్రెస్ కోడ్ ఉంటుంది కానీ చాలాకాలం డీఓఐ ఉండేది కాదు, డీఓఐ లేనివాటిని ఆ కోడ్‌తోనే నమోదు చేయాలి. సదస్సు పేపరు పెంచి పత్రికలో వేస్తే రెండూ విడి కృతులే. అనువాద జంటకీ దీనికీ తేడా అదే, అక్కడ విషయం ఒకటే, ఇక్కడ పెరిగింది. వాటిని కలిపేయకుండా ‘ముందు రూపం’ అన్న లంకె వేస్తే చాలు.

రెండు సంస్థల్లో ఒకే మనిషి

ఇప్పుడు 443001 సంగతి. ఇమేజ్ ప్రాసెసింగ్ సిస్టమ్స్ ఇన్‌స్టిట్యూట్, విశ్వవిద్యాలయం ఒకే కుటుంబం లాంటివి. 1990 నుంచి 2010 దాకా ఏరోస్పేస్ విశ్వవిద్యాలయం రెక్టరుగా ఉన్న విక్టర్ సోయ్‌ఫెర్ చుట్టూ పెరిగిన డిఫ్రాక్టివ్ ఆప్టిక్స్ బృందం రెండు చోట్లా పనిచేస్తుంది. కాంతిని మలిచే సూక్ష్మ ఉపరితలాలు, సుడి తిరిగే కిరణాలు, లెన్సు బదులు పల్చటి డిఫ్రాక్షన్ పలక: ఈ పని ప్రపంచంలో పేరున్నది. ఒకే రచయిత పేరు కింద రెండు సంస్థలూ ఉంటాయి.

పూర్తి లెక్కలో ఇలాంటి పేపరు విశ్వవిద్యాలయానికి ఒకటి, ఇన్‌స్టిట్యూట్‌కి ఒకటి. ఊరి మొత్తం తీస్తే రెండు. భాగాల లెక్కలో అలా కాదు. ఒక పేపరుకి నలుగురు రచయితలనుకుందాం. ఇద్దరిది విశ్వవిద్యాలయం మాత్రమే, మూడో మనిషిది విశ్వవిద్యాలయంతో పాటు ఇన్‌స్టిట్యూట్, నాలుగో మనిషిది విదేశం. ఒక్కొక్కరికీ పావు. మూడో మనిషి పావు రెండుగా చీలుతుంది. విశ్వవిద్యాలయానికి 0.25 + 0.25 + 0.125 = 0.625, ఇన్‌స్టిట్యూట్‌కి 0.125, విదేశానికి 0.25. మొత్తం సరిగ్గా 1. అలా కాకుండా సంస్థల సంఖ్యతో భాగిస్తే మూడింటికీ 0.333 చొప్పున వస్తుంది. విశ్వవిద్యాలయం వాటా దాదాపు సగమైపోతుంది. రెండూ ‘భాగాల లెక్క’ అనే పిలుచుకుంటారు, అందుకే ఏది వాడారో నివేదికలో రాయకపోతే సంఖ్య పనికిరాదు. ఈ కేసులో వాడినది రచయితల వారీది.

రష్యా ప్రభుత్వం 2020లో తెచ్చిన ప్రచురణ స్కోరు కూడా భాగాల లెక్కే, పైగా పత్రిక క్వార్టైల్‌ని (ఉల్లేఖనల వరుసలో ఆ పత్రిక ఏ పావులో ఉందో దాన్ని) బట్టి బరువులు: మొదటి క్వార్టైల్‌కి 19.7, రెండుకి 7.3, మూడుకి 2.7, నాలుగుకి 1. ఒక్కో మెట్టుకీ సుమారు 2.7 రెట్లు. ఇలాంటి బరువుల కింద, మొదటి క్వార్టైల్ ఆప్టిక్స్ పేపర్లో పావు వాటా (4.925) నాలుగో క్వార్టైల్ ఇంజనీరింగ్ పత్రికలోని నాలుగు పూర్తి పేపర్లను దాటేస్తుంది. గ్యాస్ టర్బైన్ దహన గదుల మీద పనిచేసేవాళ్లకి మొదటి క్వార్టైల్ పత్రికలు తక్కువ, ప్రయోగం ఖరీదు, ఫలితాల్లో కొంత భాగం ఇంజన్ ఫ్యాక్టరీ రహస్యం. స్కోరు ఎటు తోస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఏరోస్పేస్ ఎంత

పత్రికల వర్గీకరణతో ఈ ప్రశ్నకి జవాబు చెప్పబోతే తప్పుతుంది. స్కోపస్‌లో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ కోడ్ 2202. అది పత్రికకి ఇచ్చిన కోడ్, పేపరుకి కాదు. ఉపగ్రహ కెమెరాకి డిఫ్రాక్టివ్ లెన్సు రూపకల్పన ఆప్టిక్స్ పత్రికలో వస్తే 2202 కిందకి రాదు. ఏరోస్పేస్ పత్రికలో లోహపు అలసట మీద సాధారణ పేపరు వస్తే వచ్చేస్తుంది. అందుకని పేపరు శీర్షిక, సారాంశం చదివి రెండు ప్రశ్నలు వేయాలి: వస్తువు ఎగిరేదా, లేక ఎగిరేదాన్లోని భాగమా? పద్ధతి ఎగిరే పరిస్థితికి ప్రత్యేకమా? రెంటిలో ఒకదానికి అవునంటే ఏరోస్పేస్. ఇద్దరు మనుషులు విడివిడిగా గుర్తు పెట్టి, తేడా వచ్చినవి మూడో మనిషి చూడాలి.

మాటలతో వెతకడంలోనూ గుంటలున్నాయి. కువిబిషెవ్ ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెక్సాందర్ సోయ్‌ఫెర్ బృందం చేసిన ‘లోహ రబ్బరు’ ఒక చక్కటి ఉదాహరణ. సన్నటి తీగను స్ప్రింగులా చుట్టి, సాగదీసి, పొరలుగా పేర్చి, అచ్చులో నొక్కితే రబ్బరులా కంపనాన్ని మింగే ముద్ద వస్తుంది. రబ్బరులా వేడికి పాడవదు, చలికి పగలదు, శూన్యంలో ఆవిరవదు. ఇంజన్ గొట్టాల కింద, రాకెట్ పరికరాల కింద వేయడానికి అదే కావాలి. ఆ మాటను ఇంగ్లిష్‌లో వెతికితే చైనా ప్రయోగశాలల పేపర్లు పెద్ద ఎత్తున వస్తాయి, వాటితో పాటు విద్యుత్తును ప్రసరింపజేసే, దీనితో ఏ సంబంధమూ లేని ఒక పాలిమర్ పదార్థం కూడా వస్తుంది. సమారా వాళ్లు తరచూ ‘ఎంఆర్ పదార్థం’ అనే రాస్తారు, దానితో వెతికితే ద్రవ డ్యాంపర్లూ, ఎంఆర్‌ఐ స్కానింగులూ తగులుతాయి. అఫిలియేషన్ ముందు వడకట్టి, విషయం తర్వాత చూడటం ఒక్కటే దారి.

పేపరు కానివి

ఏరోస్పేస్ విశ్వవిద్యాలయానికి ఉపగ్రహం కూడా పరిశోధన ఫలితమే. రాకెట్ సంస్థ ప్రోగ్రెస్‌తో కలిసి చేసిన రెండు ‘ఆయిస్త్’ చిన్న ఉపగ్రహాలు 2013లో కక్ష్యకి చేరాయి: ఒకటి ఏప్రిల్‌లో బయాన్-ఎం1తో పాటు, రెండోది డిసెంబరు 28న సోయుజ్-2.1వి తొలి ప్రయోగంలో. 2016 ఏప్రిల్ 28న వోస్తోచ్నీ కేంద్రం నుంచి జరిగిన మొట్టమొదటి ప్రయోగంలో 531 కిలోల ఆయిస్త్-2డీ, దానితో పాటు విద్యార్థుల సామ్‌శాట్-218 నానో ఉపగ్రహం వెళ్లాయి. సామ్‌శాట్‌తో రేడియో సంబంధం కుదరలేదు.

రిజిస్టరులో దీన్ని ఎలా రాయాలి? ‘ప్రయోగించిన ఉపగ్రహాలు’ అని ఒకే సంఖ్య వేస్తే సామ్‌శాట్-218 కూడా ఆయిస్త్-2డీతో సమానంగా ఒకటి. ‘విజయవంతమైనవి’ అని వేస్తే అది పూర్తిగా మాయం. కానీ పలచటి గాలి ఒరిపిడితో నానో ఉపగ్రహాన్ని నిలకడగా ఉంచే పద్ధతి మీద సమారా బృందం చేసిన విశ్లేషణ కాగితం మీద ఉంది, పేపర్లుగా ఉంది. అందుకని ఒక్కో ఉపగ్రహానికీ నాలుగు గడులు: రూపకల్పన పూర్తి, ప్రయోగం, సంబంధం, కక్ష్య నుంచి వచ్చిన డేటాతో కనీసం ఒక ప్రచురణ. సామ్‌శాట్-218కి మొదటి రెండూ ‘అవును’, మూడోది ‘కాదు’, నాలుగోది సహజంగానే ‘కాదు’. ప్రయోగానికి ముందు వచ్చిన రూపకల్పన పేపర్లను కక్ష్య ఫలితాలుగా చూపే పొరపాటు ఈ గడులతో ఆగుతుంది. ఉమ్మడి ఉపగ్రహాలకి వాటా భాగించబోవద్దు. బరువుతోనా, ఖర్చుతోనా, పరికరాల సంఖ్యతోనా అన్నది ఎన్నటికీ తేలదు. ఎవరు ఏ పరికరం చేశారో మాటల్లో రాయడం చాలు.

పేటెంట్లలో రష్యన్ పత్రం చివరి కోడ్ చూడాలి. సీ1, సీ2 ఆవిష్కరణలు, 20 ఏళ్లు. యూ1 యుటిలిటీ మోడల్, 10 ఏళ్లు. పాతవాటి కంటే నిజమైన ముందడుగేనా అన్న పరీక్ష దానికి ఉండదు, కాబట్టి రెంటినీ కలిపి ఒక సంఖ్య వేయకూడదు. కంప్యూటర్ ప్రోగ్రాముల నమోదు మూడో రకం, అది పేటెంటే కాదు. ఇక్కడ ఒక చిలిపి తప్పు గంటలు తినేస్తుంది. రష్యన్ ‘ఎస్’ అక్షరం, లాటిన్ ‘సీ’ కంటికి అచ్చం ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం 0421, 0043. చేత్తో కొట్టిన జాబితాల్లో రెండూ కలగలిసి ఉంటాయి, వడపోతకి సగం తగలవు. ముందే ఒకదానికి మార్చుకోవాలి. హక్కుదారు పేరు చట్టపరమైన నిడివి పేరుతో ఉంటుంది, సంస్థ హోదా మారినప్పుడల్లా ఆ పేరు మొదటి మాటలు మారాయి. అందుకని పేరు మొదలుని కాకుండా చివరి భాగాన్ని సరిపోల్చాలి.

సరిచూసుకోవడం

ఇంత చేశాక జాబితా ఎంత నమ్మదగ్గది? రెండు పరీక్షలు పెట్టాలి. మొదటిది, లోపల ఉన్నవి సరైనవేనా. జాబితాలోంచి యాదృచ్ఛికంగా తీసి, అసలు పీడీఎఫ్ తెరిచి చూడాలి. 60 తీసి ఒక్క తప్పూ దొరక్కపోతే, 95 శాతం నమ్మకంతో తప్పులు 5 శాతానికి మించవని చెప్పొచ్చు (3ని 60తో భాగిస్తే). 1 శాతానికి దించాలంటే 300 చూడాలి. 2015, 2016 రికార్డులకి విడిగా ఇంకో 60 తీయాలి, తప్పులు అక్కడే పోగుపడతాయి కాబట్టి.

రెండోది, బయట ఎన్ని ఉండిపోయాయి. స్వతంత్రంగా తయారైన ఇంకో జాబితా కావాలి. ఉదాహరణకు మన జాబితాలో 400, ఇంకో జాబితాలో 300, రెంటిలోనూ ఉన్నవి 240 అయితే మొత్తం అంచనా 400 × 300 ÷ 240 = 500. అంటే వంద దాకా తప్పిపోయి ఉండొచ్చు. ఈ సూత్రం రెండు జాబితాలకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదని అనుకుంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ జంటకి అది చెల్లదు, పేరున్న పత్రికలు రెండింటిలోనూ ఉంటాయి, అంచనా అసలు కంటే తక్కువొస్తుంది. స్కోపస్ పక్కన విభాగాల వార్షిక నివేదికల జాబితా పెడితే కొంత నయం.

చివరిగా భద్రపరచాల్సినవి: తీసిన రోజు ముడి ఫైళ్లు మార్చకుండా, పేర్ల నియమాల పట్టిక ఏడాది గడులతో సహా, పత్రిక జంటల పట్టిక, చేత్తో తీసుకున్న ఒక్కో నిర్ణయానికీ ఒక వరుసలో కారణం. ఓపెన్‌అలెక్స్ పాత రికార్డుల అఫిలియేషన్లను కూడా ఎప్పటికప్పుడు మారుస్తుంటుంది, కాబట్టి మరుసటి ఏడాది మళ్లీ తీస్తే పాత ఏళ్ల సంఖ్యలు కదులుతాయి. అలా కదిలినప్పుడు కొత్త ఏడాదిని పాత పట్టిక కింద అతికించకుండా, మొదటి ఏడాది నుంచి మొత్తం మళ్లీ నడపాలి. కదిలిన రికార్డులను పాత ఫైలుతో పోల్చి, పిన్‌కోడ్ నియమం ఏం చెబుతోందో చూసి, మార్పును ఒప్పుకోవాలో వద్దో ఒక్కోదానికీ రాసుకోవాలి.